మంచం మీద బల్ల

ఆ ఏడు చలి ముదరకముందే మా అల్లుడు నిచ్చెన తెచ్చి గది మధ్యలో నిలబెట్టాడు.

"చలికాలంలో ఫ్యానుతో ఏం పని?" అన్నాను.

"అసలు పని చలికాలంలోనే మామయ్యా. ఎండాకాలంలో ఎవడైనా వేస్తాడు."

అతని ఉద్యోగమే అది. కరెంటు ఆఫీసు తరఫున ఇంటింటికీ తిరిగి, కరెంటు ఎలా ఆదా చేయాలో చెప్పాలి. పగలంతా బయటివాళ్ళకి చెప్పి, ఇంటికొచ్చాక మాకు చెప్పేవాడు. ఖాళీ గదిలో దీపం వెలుగుతుంటే ఒంటికాలి మీద లేచేవాడు.

నేను దర్జీని. కిటికీ పక్కన నా మిషను, గోడవారన గుడ్డ కత్తిరించే బల్ల. గది మధ్యలో ఇనప మంచం, దాని మీద మా అమ్మాయి. ఇంట్లో ఎండ తగిలే గది అదొక్కటే కాబట్టి అందరి బతుకూ అందులోనే. అమ్మాయికి అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మంచం దిగకూడదు, కుదుపు తగలకూడదు, చలి అసలు తగలకూడదు.

మా ఆవిడ నాకు లేకుండా పోయింది ఇలాంటి మంచం మీదే. ఏం కాదు, ఏం కాదు అంటూ ఉండగానే పోయింది. ఆ మాట అన్నవాళ్ళ మొహాలు ఒక్కటీ మర్చిపోలేదు. ఎవరినీ క్షమించలేదు.

"హీటరు పెట్టామా, వేడంతా ఎక్కడికి పోతుంది?" అల్లుడు నిచ్చెన మీంచి అడిగాడు. "పైకి పోతుంది. మన ఇంటి కప్పు ఎత్తు. అక్కడ బల్లులు వెచ్చగా పడుకుంటాయి, కింద మీ అమ్మాయి వణుకుతుంది. ఫ్యానుని వెనక్కి తిప్పితే గాలి మధ్యలోంచి పైకి పోయి, పైనున్న వేడిని గోడలమ్మట కిందికి దింపుతుంది. హీటరు సగం సేపు వేస్తే చాలు."

"బల్లుల మీద కూడా ఏడుపేనా మీకు?" అంది అమ్మాయి మంచం మీంచి నవ్వుతూ.

ఫ్యాను మోటారు పక్కన వేలి గోరంత మీట ఉంది. దాన్ని జరిపితే రెక్కలు ఎదురు తిరుగుతాయి. అంతటితో ఆగితే బాగుండేది. ఫ్యాను మరీ ఎత్తులో ఉందని, పాత రాడ్డు విప్పేసి, పాత సామాన్ల కొట్లో తెచ్చిన పొడుగు రాడ్డు వేశాడు. మోటారు తలలో మర ఉంటుంది, రాడ్డు చివర మర ఉంటుంది. ఒకదానిలోకి ఒకటి బిగించి, ఆ అతుకు కనబడకుండా మీద గిన్నెలాంటి మూత జార్చాడు. దిగొచ్చి చేతులు దులుపుకున్నాడు.

కిటికీ గట్టు మీద ఒక బోల్టు, దాని పిన్ను మిగిలాయి.

"ఇవేమిటి?"

"పాత రాడ్డువి. అడ్డంగా దూర్చేవి. కొత్త రాడ్డుకి రంధ్రం కుదర్లేదు మామయ్యా. మర బిగించానుగా, పట్టకారుతో. ఏం కాదు."

కుట్టడం అయ్యాక గుడ్డముక్క మిగలొచ్చు. గుండీ మిగిలితే మాత్రం ఎక్కడో ఒక కాజా ఖాళీగా ఉన్నట్టే. ఆ మాట పైకి అన్నాను.

"ఇది చొక్కా కాదు మామయ్యా" అన్నాడు.

స్విచ్చి వేశాడు. నా దగ్గరున్న దారం ముక్క ఒకటి తీసుకుని, మంచం పక్కన నిలబడి రెక్కల కింద పట్టుకున్నాడు. దారం కొస నెమ్మదిగా పైకి లేచింది. గోడ దగ్గర పట్టుకుంటే కిందికి వాలింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. గది నిజంగానే వెచ్చబడింది. నాకు మాత్రం వీపు మీద చెమట పట్టింది.

*

ఆ తరువాత నా కళ్ళు కుట్టు మీద నిలవలేదు.

దర్జీ కన్ను పాడు కన్ను. మనిషి ఎదురొస్తే భుజం ఎంత వాలిందో చూస్తుంది కానీ మొహం చూడదు. మూతకీ మోటారుకీ మధ్య మొదట ఏమీ లేదు. ఒక రోజు అక్కడ సన్నగా నల్లటి గీత కనబడింది, దారమంత. నీడ అనుకున్నాను. కొన్నాళ్ళకి అది చొక్కా గుండీ మందం అయింది.

"అమ్మా, ఆ గీత అంతకుముందు లేదు కదూ?"

అమ్మాయి తల కొంచెం ఎత్తి చూసింది. "ఏ గీత?"

"వద్దులే. తల దించు."

సాయంత్రం అల్లుడు రాగానే చెప్పాను. అతను అలిసిపోయి ఉన్నాడు. అయినా ఫ్యాను ఆపి, నిచ్చెన వేసుకుని ఎక్కి, దగ్గరగా చూసి నవ్వాడు.

"మూత పైకి జారింది మామయ్యా. అంతే."

మూతని బొటనవేలితో కిందికి నొక్కాడు. గీత మాయమైంది.

మూత పైకి పోలేదని నాకు తెలుసు. మోటారే కిందికి దిగింది. దిగిన మేరంతా ఇప్పుడు మూత కప్పేసింది. అంతకుముందు కంటికి కనబడే భయం ఉండేది, అదీ లేకుండా చేశాడు.

"మూత కాదు. ఆ మర విప్పి చూడు."

"విప్పాలంటే మొత్తం దింపాలి. కింద మంచం ఉంది. మంచం జరపొద్దన్నారు. ఎలా?" ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "ఫ్యాను అక్కడ వేలాడటం ఈ రోజు కొత్తా? ఏం కాదు."

"నాన్నా, ఇక వదిలెయ్" అంది అమ్మాయి. "నీకు ఆయన ఏం చేసినా నచ్చదు. పెళ్ళికి ఆయన కుట్టించుకొచ్చిన కోటు దగ్గర్నుంచీ అంతే."

"ఆ కోటు చంకల్లో పట్టేసింది."

"పట్టేసింది ఆయనకి కదా, నీకు కాదుగా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను మూత వైపే చూస్తున్నాను. మర్నాడు అతను ఆఫీసుకి వెళ్ళిన మరుక్షణం ఫ్యాను ఆపి, నిచ్చెన ఎక్కి, మూత పై అంచు ఉన్న చోట రాడ్డు మీద సుద్దతో సన్నటి గీత గీశాను. ఇక మూత ఎటు జరిగినా నాకు తెలుస్తుంది.

మూత జరగలేదు. సుద్ద గీతకి ఆనుకునే ఉంది. దాని కింద నల్లటి సందు మళ్ళీ తెరుచుకుంది.

*

అతను ఇంట్లో లేని వేళ ఫ్యాను ఆపెయ్యడం మొదలుపెట్టాను. ఆపిన కాసేపటికి చలి నేల మీంచి లేచేది. హీటరు ఎంత ఎర్రగా కాలినా దాని ముందు జానెడు మేర తప్ప వెచ్చదనం ఉండేది కాదు. అమ్మాయి దుప్పటి గడ్డం దాకా లాక్కునేది. వేళ్ళు నీలంగా అయ్యేవి. ఒక మధ్యాహ్నం పొట్ట పట్టుకుని, "నాన్నా, గట్టిగా పట్టేస్తోంది" అంది.

అప్పుడే ఇంటింటికీ వచ్చే నర్సమ్మ వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే మొహం చిట్లించింది.

"ఇదేం గది తాతా, ఐసు పెట్టెనా? మొన్న ఎంత బాగుంది! ఆ ఫ్యాను ఎందుకు ఆపారు?"

"ఊడి పడుతుందేమోనని."

"ఫ్యాను పడటం ఎప్పుడన్నా చూశావా?"

"లేదు."

"నేను చలికి కడుపులు బిగిసి ఆసుపత్రికి రావడం చూశాను. వేస్తావా, నేనే వెయ్యనా?"

తనే వేసింది. ఆగి ఉన్న ఫ్యాను కదిలేటప్పుడు ఒక్క కుదుపు కుదిపింది. రెక్కలు ఒకవైపు బయలుదేరితే, మోటారు బుర్ర దానికి ఎదురు వైపు చిన్నగా విదిల్చుకుంది. అంతకుముందెప్పుడూ దాన్ని అలా చూడలేదు. రెక్కలు మెల్లగా తిరగసాగాయి. అమ్మాయి పొట్ట కాసేపటికి మెత్తబడింది. నర్సమ్మ దుప్పటి సర్ది, "పెద్దాయన మాట వినకమ్మా" అని నా ముందే చెప్పి వెళ్ళిపోయింది.

ఇక ఆ స్విచ్చి ముట్టుకునే ధైర్యం పోయింది. తిరుగుతుంటే భయం. ఆపితే చలి. ఆపి మళ్ళీ వేస్తే ఆ కుదుపు. మధ్యలో కరెంటు పోయి వచ్చిందంటే నా ప్రాణం అరచేతిలోకి వచ్చేది. మంచం జరుపుదామా అంటే చోటు లేదు. ఒక గోడ చెమ్మ, ఒక గోడన కిటికీ గాలి. పైగా ఆ ఇనప మంచం అంగుళం లాగితే అడుగు ఎగురుతుంది.

బల్ల సంగతి అప్పుడు తట్టింది.

నేను నిలబడి గుడ్డ కత్తిరించే బల్ల అది. ఎత్తయినది. రెండు వరసల పలకలు, మనిషి ఎక్కి గంతులేసినా కదలని కాళ్ళు. మంచం కంటే దాని పొడవూ వెడల్పూ ఎక్కువ. కొలతలు వేశాను. అల్లుడు అటు వెళ్ళగానే దాని మీది గుడ్డలన్నీ నేల మీద పడేసి, మంచం కాళ్ళ వైపు నుంచి తోసుకుంటూ వచ్చాను. రెండు కాళ్ళు మంచానికి ఇటు, రెండు కాళ్ళు అటు.

"ఏం చేస్తున్నావ్ నాన్నా?"

"పడుకో."

"నా మీదికి ఏం తోస్తున్నావ్?"

"నీ మీదికి కాదు. నీ పైకి."

బల్ల మోకాళ్ళు దాటింది, పొట్ట దాటింది. గుండెల మీదికి వచ్చేసరికి అమ్మాయి రెండు చేతులతో పలకని ఆపింది. కళ్ళలో నీళ్ళు.

"పెట్టెలో పెట్టినట్టుంది. మొహం మీదికి మాత్రం తేవొద్దు. నీకు దణ్ణం పెడతాను."

మొహం కూడా కప్పాలని నా మనసు. రెక్క పొడవు మొహం దాకా వస్తుంది. కానీ బతిమాలుతుంటే చెయ్యి ఆడలేదు. మెడ దగ్గర ఆపేశాను.

అల్లుడు ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. భార్య తల ఒక్కటే బల్ల బయట ఉంది.

"ఇదేమిటి?"

నేను కింద పడ్డ గుడ్డలు మడతపెడుతున్నాను.

"బయటివాళ్ళు నన్ను చూసి ఫ్యాన్లు మార్చుకుంటున్నారు. నా ఇంట్లోనేమో నా భార్యని బల్ల కింద దాచారు. ఎవరైనా వస్తే ఏం చెప్పను? మా మామగారికి ఫ్యాను దెయ్యం పట్టిందని చెప్పనా?"

"ఏమైనా చెప్పుకో. బల్ల తియ్యను."

"మీరేమైనా అనండి మామయ్యా, మీకు కావలసింది ఆ ఫ్యాను పడటం. పడితేనే మీకు తృప్తి."

ఆ మాట నేను మర్చిపోలేదు.

*

మర్నాడు అతనికి సెలవు. అమ్మాయి ముద్ద మింగలేదు. బల్ల అంచు వైపు చూస్తూ పడుకుంది. ఆ కళ్ళు చూసి అతనికి మండుకొచ్చినట్టుంది. లేచి స్విచ్చి కట్టేశాడు. రెక్కలు ఆగేదాకా నిలబడి, చెప్పులు విడిచి బల్ల ఎక్కాడు.

"మామయ్యా, ఇటు చూడండి. మీ కళ్ళతోనే చూడండి. ఇది గట్టిగా ఉందో లేదో ఇప్పుడే తేలిపోతుంది. తేలాక బల్ల తీసేస్తారా?"

"దాన్ని ముట్టుకోకు" అన్నాను.

"తీసేస్తారా లేదా?"

"దిగు."

అతను ఫ్యాను బుర్రని రెండు చేతులా పట్టుకున్నాడు. బిగువు చూపించడానికి ఒక పక్కకి తిప్పాడు.

అది తిరిగింది. గుండీ కాజాలోంచి వచ్చినంత తేలిగ్గా వచ్చింది.

చప్పుడేమీ కాలేదు. ఫ్యాను రాడ్డు వదిలి అతని చేతుల్లోకి దిగింది. అతను దాన్ని రొమ్ముకి హత్తుకున్నాడు. రెక్కలు అటొకటి, ఇటొకటి, అతని మొహానికి అడ్డంగా ఒకటి. పైన రాడ్డులోంచి తీగలు మెలిపడి వేలాడుతున్నాయి. బల్ల ఒక్కసారి కిర్రుమంది. దాని కింద మా అమ్మాయి.

"ఏమైంది?" అంది. బల్ల అంచు అడ్డం, ఆమెకి ఏమీ కనబడదు. "ఏమండీ? నాన్నా? ఏమైంది?"

"మెయిన్ ఆపండి మామయ్యా" అన్నాడు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

వసారాలోకి పరుగెత్తి మెయిన్ దించాను. తిరిగి వచ్చేసరికి అతను ఫ్యానుతో పాటు ఒక పక్కకి ఒరుగుతున్నాడు. బరువుకంటే ఎక్కువగా ఆ రెక్కలే లాగుతున్నాయి, ఏ వైపు వంగినా ఆ వైపుకి తీసుకుపోతాయి. తీగలు తెగితే తప్ప దించలేడు. నా కత్తెర అందుకున్నాను. గుడ్డ తప్ప దేన్నీ కోయనివ్వని కత్తెర. బల్ల ఎక్కాను. ఇద్దరి బరువుకీ అది మళ్ళీ మూలిగింది.

"నాన్నా, బల్ల కదులుతోంది!"

"కదలదు. కళ్ళు మూసుకో."

తీగలు కత్తిరించాను. అతని మొహం నా మొహానికి అంత దగ్గరగా ఎప్పుడూ లేదు. పెదవి కొరుక్కుని ఉన్నాడు, చిన్నగా రక్తం కనబడింది. కళ్ళు మాత్రం ఫ్యాను మీద లేవు, నా మీదా లేవు. కింద, బల్ల అంచు దాటి కనబడుతున్న ఆమె నుదుటి మీద ఉన్నాయి.

ఒక రెక్క నేను పట్టాను. ఇద్దరం కలిసి దాన్ని పలక మీదికి దించాం. నేను దిగాను. అతను దిగలేదు. బల్ల మీదే ఫ్యాను పక్కన కూలబడ్డాడు.

"మామూలుగా తిరిగితే మర బిగుసుకుంటూ ఉంటుంది" అన్నాడు. "ఎదురు తిరిగితే ఊడుతూ ఉంటుంది. దానికే ఆ బోల్టు. నేను... బిగించానుగా అనుకున్నాను."

రాడ్డు చివర మర ఒక్క చుట్టే తళతళలాడుతోంది. అంతవరకూ ఆ ఒక్క చుట్టు మీదే వేలాడిందన్నమాట.

అమ్మాయి ఏడవలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని చాలాసేపు పైకి చూస్తూ ఉంది.

"ఇక బల్ల తీసేస్తానమ్మా" అన్నాను.

"వద్దు" అంది.

"ఫ్యాను లేదుగా ఇప్పుడు?"

"కొక్కెం ఉంది. కప్పు ఉంది. ఉండనీ నాన్నా. మొహం మీదికి కూడా జరుపు."

అతను ఫ్యానుతో దిగాక జరిపాను.

మిగిలిన చలికాలమంతా ఆమె ఆ బల్ల కిందే గడిపింది. కుట్టులో మిగిలిన గుడ్డముక్కలన్నీ అతికి, బల్ల చుట్టూ తెరలు కుట్టి వేలాడదీశాను. ఆమె ఒంటి వేడీ, హీటరు వేడీ అందులోనే నిలిచేవి. వెచ్చగా ఉండేది. నర్సమ్మ కూడా వంగి, లోపల చెయ్యి పెట్టి చూసి ఒప్పుకుంది. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి తెర పక్కన నేల మీద కూర్చునేవాడు. లోపలికి మాట్లాడేవాడు. లోపల్నుంచి ఊఁ అని వినబడేది. ఒక్కోసారి అదీ వినబడేది కాదు.

*

ఎండలు మొదలయ్యే వేళకి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

అల్లుడు ఈసారి తను ముట్టుకోలేదు. బయటినుంచి మెకానిక్కుని పిలిచాడు. కొత్త రాడ్డు, కొత్త బోల్టు, పిన్ను, పైన ఇనప తాడు కూడా. మీట మళ్ళీ ఎండాకాలం వైపుకి జరిపించాడు. మెకానిక్కు ఫ్యాను పట్టుకుని తనే వేలాడి చూపించాడు. నేను కూడా నిచ్చెన ఎక్కి చూశాను. గట్టిగా ఉంది. ఆ మాట పైకి అన్నాను కూడా.

అమ్మాయి మంచాన్ని చెమ్మ గోడ పక్కకి లాగించుకుంది. గాలి అక్కడికి అందదు. పిల్ల మెడలో చెమటకాయలు పేలాయి. అయినా మధ్యకి రాదు. ఎక్కడికి వెళ్ళినా ముందు పైకి చూస్తుంది, ఆ తరువాతే కూర్చుంటుంది. ఆసుపత్రిలో అలాగే చూసింది. పక్కింటికి వెళ్ళినా అలాగే చూసింది. ఆ చూపు నాది. ఇంకెవరి దగ్గరా నేర్చుకునే చూపు కాదు.

గది మధ్యలో ఫ్యాను కింద అల్లుడు ఒక్కడే చాప వేసుకుని పడుకునేవాడు. తిన్నగా దాని కింద, వెల్లకిలా.

ఒక మధ్యాహ్నం పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఉక్కపోత. తిరిగే రెక్కలు కంటబడ్డప్పుడల్లా ఏడుపు ఆపి అటు చూస్తుంది, కాళ్ళు ఆడిస్తుంది, మళ్ళీ అందుకుంటుంది.

అల్లుడు చాప మీద లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ చాపాడు.

"కాసేపు ఇటివ్వవే. గాలి తగిలితే పడుకుంటుంది."

అమ్మాయి పిల్లని పొదువుకుని అతని చేతుల వైపు చూసింది. ఫ్యాను వైపు చూసింది. తరువాత నా వైపు చూసింది.

నేను ఇవ్వమ్మా అంటే ఇచ్చేది.

సూదిలో దారం ఎక్కించుకున్నాను. మిషను తొక్కాను. అతను చేతులు చాలాసేపు అలాగే చాపి ఉంచాడు.